మా పోర్ట్ ఆఫ్ స్పెయిన్ ప్రయాణ సన్నాహం

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదిక మీద ఏటా పండితులు, ప్లీడర్లు, డాక్టర్లు మాట్లాడుతూ ఉంటారు. మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరిన మమ్మల్ని కార్యదర్శిగారు మాట్లాడమన్నప్పుడు, పొరపాటున మా పేరు రాసుకొన్నారేమో అనుకొన్నాము. "మీ ఇంటిల్లిపాదీ వెస్టిండీస్ వెళుతున్నారట గదా, ఆ సంగతే చెప్పండి" అన్నారు. వెళ్లివచ్చినవారు ఉపన్యసించడం లోకంలో ఉన్నది. ఇంకా బయలుదేరనివారు ఉపన్యసించడం మాత్రం మాతోనే మొదలనుకొంటాము. అయినా ఈ సన్నాహంలో మేము నేర్చుకొన్నది మన బరంపురం తెలుగువారందరికీ సంబంధించినదే గనుక, ధైర్యం చేసి నిలబడ్డాము.

ముందు ఆ ఊరు ఎక్కడున్నదో చెబుతాము. దక్షిణ అమెరికా ఖండానికి ఉత్తరంగా, వెనిజులా తీరానికి దగ్గరలో ట్రినిడాడ్ అనే దీవి ఉన్నది. దాని వైశాల్యం సుమారు 4,800 చదరపు కిలోమీటర్లు. మన గంజాం జిల్లా 8,200. అంటే దీవి మొత్తం మన జిల్లాలో ఇమిడిపోయి ఇంకా చోటు మిగులుతుంది. పక్కనున్న టొబాగోతో కలిసి అది ఒక దేశం. 1962 ఆగస్టు 31న స్వతంత్రమైనది. రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్. క్రికెట్ ప్రియులకు ఆ పేరు కొత్త కాదు. 1971లో మనవారు వెస్టిండీస్‌ను మొట్టమొదటిసారి టెస్టులో ఓడించినది అక్కడే. గెలుపు నాటికి క్రీజులో గవాస్కర్‌తో పాటు ఉన్నది మన హైదరాబాదు అబిద్ అలీ.

అయితే మేము క్రికెట్ కోసం వెళ్లడం లేదు. మా కౌంటరు దగ్గర మేము చేసిన ఒక తప్పు దిద్దుకోవడానికి వెళుతున్నాము.

మూడేళ్ల కిందట మాఘమాసంలో ఒక ఉదయం. బుకింగ్ కౌంటరు ముందు ఇరవైమంది వరుసలో ఉన్నారు. అందులో డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి, ఆయన భార్య. ముఖాలు చూస్తే మన సోంపేట, ఇచ్ఛాపురం వాళ్లలాగే ఉన్నారు. నోరు విప్పితే మాత్రం ఒక రాగంతో సాగే ఇంగ్లీషు. ఆయన ఒక కాగితం కిటికీలోంచి లోపలికి తోసి, "ఈ ఊరికి రెండు టిక్కెట్లు కావాలి" అన్నారు. అది ఎప్పుడో 1860ల నాటి రిజిస్టరు పుటకు నకలు. ఒక మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు 22, ఎడమ మోకాలి కింద మచ్చ, జిల్లా గంజాం, ఆ పక్కన ఊరి పేరు. ఆ పేరు మేము ఎన్నడూ విన్నది కాదు. కంప్యూటరులో లేదు. మా బుర్రలోనూ లేదు. వెనక వరుస గోల పెడుతున్నది. "అట్లాంటి స్టేషను లేదండీ" అని కాగితం తిరిగి ఇచ్చివేసినాము.

వారు కోప్పడలేదు. చాలాసేపు పక్కన నిలబడ్డారు. తరువాత మళ్లీ వరుసలో వచ్చి రెండు ప్లాట్‌ఫారం టిక్కెట్లు కొన్నారు. "ఎవరినైనా ఎక్కించాలా?" అని అడిగితే, "లేదు, జిల్లా పేరు వరకు వచ్చినాం గదా, గుర్తుగా ఉంచుకొంటాము" అన్నారు. వెళుతూ వెళుతూ, ఎవరైనా ఆ ఊరు ఎరుగుదురేమో కనుక్కోమని తమ చిరునామా కాగితం ఒకటి ఇచ్చి వెళ్లినారు.

రాత్రి అన్నం తింటూ ఈ సంగతి చెప్పినాము. మా అమ్మగారు చేయి కడుక్కొనేందుకు లేవబోయి ఆగిపోయినారు. "అది స్టేషను కాదురా, ఊరు. చెరువు తెగి ఊరు గట్టు మీదికి లేచిపోయినప్పుడు పేరు కూడా మారింది. మా పుట్టింటికి రెండు కోసుల దూరం. మా మామ్మ ఆ పాతపేరుతోనే పిలిచేది" అన్నారు. మా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. భూగోళానికి అవతలి పక్కనుంచి వచ్చినవారిని మేము ఆ ఊరికి ఒక్క పూట ప్రయాణం దూరంలో నుంచి వెనక్కి పంపివేసినాము.

ఆ రాత్రే ఫోనులో వార్త పంపినాము. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. అప్పటికే వారు పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరినారు. "సంతోషం. కాని నా మోకాళ్లు రెండవసారి అంత దూరం రానివ్వవు. మీరే రండి. ఆ ఊరు ఎట్లా ఉంటుందో మీ నోట వింటాను. ఇక్కడి రిజిస్టరు మీకు చూపిస్తాను" అని ఆయన రాసినారు. మా ప్రయాణ సన్నాహం ఆనాటి నుంచి మొదలు.

ఆ మరుసటి ఆదివారం మా అమ్మగారిని వెంటబెట్టుకొని ఆ ఊరు వెళ్లినాము. కాగితంలో మనిషి పేరు, తండ్రి పేరు ఉన్నవి గాని ఇంటిపేరు లేదు. ఇంటిపేరు లేకుండా తెలుగుదేశంలో ఎవరి గడపని వెతుకుతాము? రచ్చబండ దగ్గర అడిగితే మూడు ఇళ్లవారు ముందుకు వచ్చినారు. మూడు ఇళ్లలోనూ ఆ పేర్లే తరతరాలుగా పెట్టుకొంటున్నారు. మూడు ఇళ్లలోనూ "తాత తమ్ముడొకడు ఓడెక్కి పోయినాడు, మళ్లీ రాలేదు" అనే మాట ఉన్నది. మూడు ఇళ్లవారూ, "అతడు మావాడే" అన్నారు. ఎవరి మాట కాదనగలము?

మన వైపు ఓడెక్కడం అంటే రంగం వెళ్లడమే. గోపాలపూర్ రేవు నుంచి, కళింగపట్నం రేవు నుంచి మనవారు, ఒడియా సోదరులు వేలకొద్దీ రంగం పోయి మిల్లుల్లో, పడవల మీద, పొలాల్లో కూలి చేసినారు. మా ముత్తాతగారూ రంగంలో పనిచేసినవారే. 1941 డిసెంబరులో జపానువారు అక్కడ బాంబులు వేసిన తరువాత, నడిచి వచ్చినవారిలో ఆయన ఒకరు. రంగం పోయినవాడు తిరిగి వస్తాడని ఇంట్లో ఆశ ఉండేది. అంతకు ముందు తరాలలో ఇంకొక దారి ఉండేది. అది చక్కెర దీవుల దారి. మోరిస్, నాటాల్, డెమరారా, ట్రినిడాడ్. ఆ దారిన పోయినవారిలో వెనక్కి వచ్చినవారు తక్కువ.

ఆ దారి ఎట్లా ఏర్పడిందో సంక్షేపంగా చెబుతాము. ఇంగ్లీషువారు 1830లలో తమ దీవులలో బానిసత్వం రద్దు చేసినారు. చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చినారు. 1845 మే 30న కలకత్తా నుంచి ఫతేల్ రజాక్ అనే ఓడ రెండు వందల పైచిలుకు మందితో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ చేరింది. దారిలో మూడు నెలల పైన పట్టింది. అది మొదలు 1917లో ఈ పద్ధతి ఆగేవరకు సుమారు 1,44,000 మంది మన దేశీయులు ఆ దీవిలో దిగినారు. ఎక్కువమంది బీహారు, అయోధ్య ప్రాంతాలవారు, కలకత్తా రేవు నుంచి వెళ్లినవారు. మద్రాసు రేవు నుంచి వెళ్లిన ఓడలలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ వారందరికీ ఒకటే పేరు, మద్రాసీలు. దళారులు ఆ దీవి పేరును 'చీనీదాద్' అని, అంటే చక్కెర దేశమని, తిప్పి చెప్పేవారట.

చక్కెర మన జిల్లాకు కొత్తా? మన అస్కాలో ఆ శతాబ్దంలోనే మించిన్ దొర చక్కెర కార్ఖానా నడిపినాడు. చెరకు ఇక్కడా ఉన్నది, కార్ఖానా ఇక్కడా ఉన్నది. కాని 1866 నాటి కరువు వంటి కరువులో మనిషికి కావలసినది చక్కెర కాదు, గంజి.

మేము రైల్వేవాళ్లము గనుక పాసు అంటే మాకు ముచ్చట. పాసు చేతిలో ఉంటే మనిషి హాయిగా ఊళ్లు తిరుగుతాడు. ఆ కూలీల దగ్గరా పాసు ఉండేది. ఓడెక్కడానికి ఒక పాసు. దీవిలో దిగిన తరువాత తోట దాటి బయటికి పోవాలంటే ఇంకొక పాసు. అది లేకుండా రోడ్డు మీద దొరికితే జైలు. ఒప్పందం అయిదేళ్లు, మగవాడికి రోజుకూలి ఇరవై అయిదు సెంట్లు. పదేళ్లు అక్కడే ఉన్న తరువాత గాని తిరుగు ప్రయాణపు హక్కు రాదు. తరువాతి కాలంలో దానికి బదులు భూమి ఇస్తామన్నారు. ఎక్కువమంది అక్కడే ఉండిపోయినారు. ఈనాడు ఆ దేశ జనాభాలో మూడోవంతు పైన మన సంతతివారే.

ఇక మా సన్నాహం. మనలో ఇంకెవరైనా బయలుదేరదలిస్తే పనికివస్తుందని వివరంగా చెబుతాము.

మొదటిది పాస్‌పోర్టు. మా ఇంట్లో అంతవరకు ఎవరికీ లేదు. భువనేశ్వర్ కార్యాలయం పరిధిలో దరఖాస్తు చేసినాము. మావంటి ప్రభుత్వోద్యోగులు ఆఫీసుకు ముందుగా తెలియజేయాలి. విదేశం వెళ్లడానికి సెలవు పెట్టాలన్నా పైవారి అనుమతి కావాలి. మా అనుమతి కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకొక బల్ల మీదికి ప్రయాణం చేయడానికి ఏడు నెలలు పట్టింది. ఫతేల్ రజాక్ దీనికంటే చురుకైనది. గుమాస్తాలము గనుక ఎవరినీ తప్పు పట్టే అర్హత మాకు లేదు.

రెండవది దారి. మన దేశం నుంచి నేరుగా పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కు విమానం లేదు. లండన్ మీదుగా గాని, అమెరికా మీదుగా గాని వెళ్లాలి. ఇక్కడ జాగ్రత్తపడాలి. ట్రినిడాడ్ వెళ్లే భారతీయులకు తొంభై రోజుల లోపు ఉండడానికి ముందుగా వీసా అక్కరలేదు. కాని అమెరికా విమానాశ్రయంలో దిగి విమానం మారినా సరే, అమెరికా వీసా కావలసిందే. లండన్‌లో మారడానికీ నిబంధనలున్నవి. టిక్కెట్టు చవక అని చూసి కొంటే గమ్యానికి తలుపు తెరిచే ఉంటుంది, మధ్య జంక్షన్‌లో మాత్రం గేటు పడుతుంది. బయలుదేరేముందు ఈ నిబంధనలన్నీ మళ్లీ ఒకసారి విచారించుకోవాలి. మాకు మాత్రం భువనేశ్వర్ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి లండన్, లండన్ నుంచి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అనుకూలంగా కనిపించింది.

మూడవది టీకా. ట్రినిడాడ్ పచ్చజ్వరం జాబితాలో ఉన్న దేశం. అక్కడినుంచి తిరిగివచ్చేవారు టీకా సర్టిఫికెట్టు చూపకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు నిర్బంధంలో ఉంచుతారు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. అరవై దాటిన మా అమ్మగారి వంటివారు ముందుగా డాక్టరును సంప్రదించాలి.

నాలుగవది కాలం. అక్కడ జనవరి నుంచి మే వరకు ఎండకాలం, జూన్ నుంచి డిసెంబరు దాకా వానలు. ఫిబ్రవరిలోగాని మార్చిలోగాని కార్నివాల్ పండుగ వస్తుంది. అప్పుడు బసలు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. అందుచేత కార్నివాల్ దాటిన తరువాత, మే 30 చూసుకొని రావాలని నిశ్చయించినాము. ఆ రోజు అక్కడ భారతీయుల రాక దినమని జాతీయ సెలవు. గడియారం సంగతి కూడా జ్ఞాపకం పెట్టుకోవాలి. వారు మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. మనకు సాయంత్రం ఆరున్నర అయితే వారికి ఉదయం తొమ్మిది.

అయిదవది డబ్బు. మేము విచారించినపుడు మనిషికి రానూపోనూ లక్షన్నర రూపాయలు దాటుతున్నది. మా ఆవిడ రెండేళ్లుగా చీటీ కడుతున్నది. స్కూటరు మార్చుదామనుకొన్నది మానుకొన్నాము. "ఇంత డబ్బు పెట్టి ఎవరో ముసలాయనకు ఊరి సంగతి చెప్పడానికా?" అని బంధువులు అడిగినారు. మా ఆవిడ ఇచ్చిన జవాబు ఇది. "ఆయన అంత డబ్బు పెట్టి వచ్చి అడిగితే, మేము లేదని చెప్పినాం గదా."

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన సంగతి. ఆ పాత కాగితాలలో 'జిల్లా గంజాం' అని ఉంటే, చదివినవారు నేటి ఒడిశాలోని గంజాం వైపే చూస్తారు. అది సగం నిజం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం మద్రాసు రాజధానిలోని జిల్లా. నేటి శ్రీకాకుళం జిల్లాలో చాలా భాగం ఆనాటి గంజాములోనిదే. 1936లో ఆ తెలుగు తాలూకాలు విశాఖపట్నం జిల్లాలో కలిసినవి. 1950లో శ్రీకాకుళం జిల్లా వేరుపడింది. పర్లాకిమిడి ఒడిశా వైపు వచ్చి, 1992 నుంచి గజపతి జిల్లాలో ఉన్నది. కనుక ఒక్క 'గంజాం' అనే మాటకు ఇప్పుడు రెండు రాష్ట్రాలలో, కనీసం మూడు జిల్లాలలో వెతకాలి. ఆ పెద్దాయన వెతికినది ఒక్కదానిలోనే.

ఊరి పేర్ల చిక్కు ఇంకొకటి. బర్హంపూర్ అంటే మనది ఒకటి, బెంగాలులో ముర్షిదాబాదు జిల్లాలో ఒకటి. బుర్హాన్‌పూర్ మధ్యప్రదేశ్‌లో ఉన్నది. ఈనాటికీ ఒకదానికి పోవలసినవారు ఇంకొకదానికి టిక్కెట్టు కొనుక్కొని మా కౌంటరుకు వచ్చి తల పట్టుకొంటారు. అట్లాంటప్పుడు చదువురాని కూలీ నోట విన్న పేరును, తెలుగు రాని గుమాస్తా ఇంగ్లీషులో రాస్తే ఎట్లా ఉంటుంది? ఆ రాసినవాడూ గుమాస్తాయే, ఈనాడు లేదని చెప్పిన మేమూ గుమాస్తాలమే. నడుమ ఒక కుటుంబం నూట అరవై ఏళ్లు తప్పిపోయింది.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఏమేమి చూడాలో ఆయన ఒక పట్టీ పంపినారు. మొదటిది అక్కడి జాతీయ ప్రాచీన పత్రాల భాండాగారం. కూలీల రిజిస్టర్లు అందులో భద్రంగా ఉన్నవి. ఫిజి, గయానా, సురినాం దేశాలలోని ఇటువంటి పత్రాలతో పాటు వీటిని 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. రెండవది ఊరికి పడమరగా సముద్రంలో ఉన్న నెల్సన్ దీవి. ఓడ దిగిన కూలీలను తోటలకు పంచేముందు అక్కడ ఉంచి పరీక్షించేవారు. మూడవది వాటర్లూ అనే చోట సముద్రంలోని గుడి. శివదాస్ సాధు అనే సామాన్యుడు 1947లో చక్కెర కంపెనీ నేల మీద గుడి కడితే దానిని కూలగొట్టించి, అతనిని జైలుకు పంపినారు. నేల మీద చోటు లేకపోతే సముద్రం ఎవరిది కాదు గదా అని, సైకిలు మీద రాళ్లు, మట్టి మోసి ఏళ్ల తరబడి నీటిలో పూడ్చి గుడి కట్టినాడు. ఆ చక్కెర వ్యాపారం కూడా ఇప్పుడు లేదు. ప్రభుత్వ చక్కెర కంపెనీ 2003లో మూతపడింది. గుడి ఉన్నది. దీవి దక్షిణాన గోల్కొండ అనే ఊరు కూడా ఉన్నదట. ఆ పేరు ఎవరు పెట్టినా, ఆ బోర్డు కింద నిలబడి ఫోటో తీయించుకోవాలని మా ఆవిడ పట్టుదల.

ఏమి పట్టుకుపోవాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మా అమ్మగారు ఆ ఊరి చెరువుగట్టు మట్టి ఒక చెంబుడు పంపాలన్నారు. మొక్కలకు తెగుళ్లు వస్తాయని మట్టిని, విత్తనాలను ఏ దేశపు కస్టమ్సువారూ సులభంగా రానివ్వరని నచ్చచెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆవిడకు బరంపురం పట్టుచీర ఒకటి, మన అప్పడాల కట్ట ఒకటి తీసుకొన్నాము. అప్పడాలను రానిస్తారో లేదో ఆ భగవంతుడికి తెలియాలి. వాటితో పాటు చెరువు, రావిచెట్టు, గుడి ఫోటోలు. మూడు ఇళ్లవారి ఫోటోలు. మూడు ఇళ్లవారి ఇంటిపేర్లు, ఏడు తరాల వరకు గుర్తున్న పేర్లు, మా ఆవిడ చేతిరాతతో ఒక నోటుబుక్కులో. ఏ ఇల్లు ఆయనదో మేము తేల్చలేము. "మూడు గడపలు మీవే అంటున్నవి" అని చెప్పి పుస్తకం చేతిలో పెట్టి వస్తాము.

పోయిన నెలలో ఆయన మళ్లీ రాసినారు. కంటిచూపు తగ్గుతున్నదట. "ఫోటోలు పెద్దవిగా వేయించి తీసుకురండి" అన్నారు. వేయించినాము.

సోదరులారా, చివరగా ఒక్క విన్నపం. మన సంఘంలో ఇంటింటికీ రంగం కథ ఉన్నది. మోరిస్ కథ ఉన్నది. ఇప్పుడు సూరత్ కథ ఉన్నది. వారంలో ఎన్ని రాత్రులు మా కౌంటరు ముందు కుర్రవాళ్లు సంచులు తల కింద పెట్టుకొని సూరత్ రైళ్ల కోసం పడుకొంటారో మేము చూస్తూనే ఉన్నాము. వారిలో ఒడియావారు, తెలుగువారు అందరూ ఉన్నారు. నూరేళ్ల తరువాత వారి మనుమలు ఎవరైనా ఒక కాగితం పట్టుకొని మన ఊరు వెతుక్కొంటూ వస్తే, ఇక్కడ జవాబు చెప్పడానికి ఏముంటుంది? మా అమ్మగారి వంటి ఒకరికి ఒక పాతపేరు గుర్తుండడం మా అదృష్టం. ఆమె కూడా లేకపోతే ఆ ఊరు లేనట్టే.

అందుచేత మన సంఘం ఒక పెద్ద పుస్తకం పెట్టాలని కోరుతున్నాము. అందులో ప్రతి కుటుంబం తన ఇంటిపేరు, ఊరి పాతపేరు, కొత్తపేరు, తాలూకా, ఎరిగినంతవరకు పెద్దల పేర్లు, ఎవరు ఎప్పుడు ఏ దేశం పోయినారు, తిరిగి వచ్చినారా లేదా, ఇవన్నీ రాయాలి. తెలుగులోను, ఒడియాలోను, ఇంగ్లీషులోను రాయాలి. చక్కని చేతిరాత అక్కరలేదు. పేరు సరిగా ఉంటే చాలు. మొదటి పుట రాయడానికి మేము సిద్ధం. పుస్తకం కొనే ఖర్చు కూడా మాదే.

ఈసారి ఎవరైనా అటువంటి కాగితంతో మా కిటికీ దగ్గరకు వస్తే, వెనక వరుస ఎంత గోల పెట్టినా సరే, "లేదు" అనము. "కాసేపు కూర్చోండి, మా సంఘంలో అడిగి చెబుతాము" అంటాము. ఆ మాట నిలబెట్టవలసినది మీరందరూ.